పాతసామాన్ల కొట్లో సైకిలు గుర్తు

సావనీరుకి ఏదైనా రాసివ్వమని మన యూనియను కుర్రాళ్ళు ఇంటికొచ్చిన రోజున నేను అరుగుమీద కూర్చుని, ఒక రేకు బ్యాడ్జీకి పట్టిన తుప్పుని కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తున్నాను. రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దది. వెనక పిన్నీసు విరిగిపోయింది. "ఏవిటి సార్ ఇది?" అన్నాడొకడు. "జోడెద్దులు" అన్నాను. వాడు ఎద్దుల్ని చూశాడు గాని, అవి ఏ ఎద్దులో వాడికి తట్టలేదు. 1952 నుంచి 1967 దాకా నాలుగు సార్వత్రిక ఎన్నికల్లో ఈ దేశాన్ని ఏలిన కాంగ్రెసు పార్టీ గుర్తు అది నాయనా అని చెప్పాల్సివచ్చింది. తప్పు వాడిది కాదు. 1969లో పార్టీ చీలాక ఆ ఎద్దుల్ని ఎవరికీ ఇవ్వకుండా కట్టేశారు. ఎన్నికల సంఘం కట్టేసిన ఎద్దులు మళ్ళీ పొలానికి రాలేదు.

మాటల్లో కాలేజీ ఎన్నికల సంగతి అడిగాను. లింగ్డో కమిటీ 2006లో చేసిన సిఫార్సుల ప్రకారం అచ్చుపోస్టర్లు కూడదట, చేత్తో రాసినవే అంటించాలట, అభ్యర్థి 5,000 రూపాయలకి మించి ఖర్చుపెట్టకూడదట. బాగానే వుంది. "మరి ఆ చేత్తో రాసిన కాగితాలు ఏం చేశారోయ్?" అన్నాను ఆశగా. "ఏం చేస్తాం సార్, మర్నాడే చింపేశాం" అన్నారు ముగ్గురూ ఒక్కసారిగా, మంచిపని చేసినట్టు. నా ప్రాణం వుసూరుమంది. అంచేత ఈ వ్యాసం.

ఎన్నికల సరుకు పోగుచేసేవాణ్ణి అంటే చాలామంది నన్ను అదోలా చూస్తారు. స్టాంపులు పోగుచేసేవాడికీ, నాణాలు పోగుచేసేవాడికీ సంఘంలో కొంత మర్యాద వుంది. ఓడిపోయిన అభ్యర్థి కరపత్రం కోసం మూడు జిల్లాలు తిరిగేవాణ్ణి ఏమనాలో తెలుగులో మాట లేదు. అమెరికాలో 1896 అధ్యక్ష ఎన్నికల నాటి సెల్యులాయిడు బొత్తాల దగ్గర్నుంచీ పోగేసేవాళ్ళున్నారు, వాళ్ళకి 1945 నుంచీ ఒక సంఘం కూడా వుంది. మనకి సంఘాలకి లోటు లేదుగాని ఈ పనికి మాత్రం ఎవరికి వారే.

నా మటుకు నాకు ఈ జబ్బు 1978లో మద్రాసు మూర్ మార్కెట్‌లో అంటుకుంది. సెంట్రల్ స్టేషను పక్కన ఆ ఎర్ర ఇటికెల భవనం, అందులో పాత పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, చిలకలు, తాబేళ్ళు - అప్పట్లో దొరకనిది లేదు. 1985లో తగలబడిపోయింది. స్నేహితుడి అన్న పెళ్ళికని వెళ్ళి, ముహూర్తం మర్నాడు తెల్లవారుజామున అనగా అటు తిరిగాం. ఒక ముసలాయన సిగరెట్ల డబ్బా బోర్లించి బ్యాడ్జీలు పరిచాడు. జోడెద్దులు, ప్రజా సోషలిస్టుల గుడిసె, స్వతంత్ర పార్టీ నక్షత్రం, జనసంఘం దీపం. ఒక్కోటి పావలా. నాలుగూ కొన్నాను. స్నేహితుడు నవ్వాడు. నేను మాత్రం డబ్బా అడుగుదాకా చేత్తో కెలికి "సైకిలుందా?" అని అడిగాను. లేదన్నాడు. ఆ ప్రశ్న ఆ తర్వాత ముప్పై మూడేళ్ళు అడుగుతూనే వున్నాను.

ఎందుకంటే, మా నాన్న గుర్తు సైకిలు.

1967 ఫిబ్రవరి ఎన్నికల్లో మా నాన్న అసెంబ్లీకి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మాది కృష్ణా డెల్టాలో, సముద్రానికి దగ్గరగా వుండే పల్లపు వూరు. మురుగు కాలువ పూడిపోయి, వానాకాలం వస్తే నీళ్ళు తీసేవి కావు, నాట్లు కుళ్ళిపోయేవి. అర్జీలు పెట్టి పెట్టి విసిగి, ఒకనాటి రాత్రి రచ్చబండ మీద ఎవరో "నువ్వే నిలబడరాదూ" అంటే, ఈయన నిజంగానే నిలబడ్డాడు. అన్నవాడు మాత్రం పోలింగునాటికి అవతలి పార్టీ బండిలో కనిపించాడు. ఆ ఏడు రాష్ట్రంలో 287 స్థానాలకిగాను 68 చోట్ల స్వతంత్రులు గెలిచారు. ఇప్పుడు వింటే నమ్మబుద్ధి కాదు గాని, అంతమంది పార్టీ లేనివాళ్ళు సభలో కూర్చున్నారు. మా నాన్న ఆ 68 మందిలో లేడు. రెండువేల చిల్లర ఓట్లొచ్చాయి. పోలై చెల్లిన ఓట్లలో ఆరోవంతు రాకపోతే ధరావతు పోతుంది గనక 250 రూపాయల ధరావతు పోయింది. దాంతోపాటు కాలువగట్టున వున్న ఎకరంన్నర, అమ్మ చేతి గాజులు నాలుగూ పోయాయి.

ఇంతకన్నా మమ్మల్ని కుంగదీసింది ఎగతాళి. గుర్తు సైకిలు కదా. తాలూకా కేంద్రంలో ట్రెడిల్ మిషను పెట్టుకున్న చిన్న ప్రెస్సులో కరపత్రాలు వేయించారు. వాళ్ళ దగ్గర సైకిళ్ళ షాపు ప్రకటనకి చేయించిన బ్లాకు ఒకటి వుంటే దాన్నే వాడేశారు. తీరా చూస్తే అది ఆడవాళ్ళ సైకిలు. నడిమి కడ్డీ లేదు. అవతలివాళ్ళకి ఇంకేం కావాలి? "కడ్డీ లేని సైకిలుకి ఓటేస్తే నడుం విరుగుద్ది" అని మైకులో అరిచారు. బళ్ళో పిల్లలు నన్ను చూసి ముందు కడ్డీ మీద కూర్చోబోయి కిందపడినట్టు అభినయించేవాళ్ళు. ఎన్నికలయ్యాక మిగిలిన కరపత్రాల కట్టలు ఇంట్లో ఒక్కటి కూడా కనపడలేదు. నాన్న కాల్చేశాడనుకున్నాను. ఆయన బతికినన్నాళ్ళూ ఆ ఎన్నికల ప్రస్తావన తేలేదు, మేమూ తేలేదు. మా అమ్మ మాత్రం డబ్బు ఇబ్బంది వచ్చినప్పుడల్లా "ఆ పాడు ఎలచ్చన్లు" అనేది. అంతే, అక్కడితో మాట ఆగేది.

నాకు కావాల్సింది ఒక్కటే. ఆ కరపత్రంలో మా నాన్న జనానికి ఏం చెప్పాడు? తొమ్మిదేళ్ళవాణ్ణి, రేకుబూరా పట్టుకుని రిక్షా వెనక పరుగెత్తి వాటిని వెదజల్లినవాణ్ణి, ఒక్క దాన్నయినా పూర్తిగా చదవలేదు.

సరే, వేట సంగతికొద్దాం. ఎన్నికల సరుకులో చిక్కేమిటంటే అది నిలవవుండటానికి పుట్టినది కాదు. పోలింగు మర్నాటికి దాని పని అయిపోయినట్టే. గుడ్డ బ్యానర్లు గలీబులవుతాయి, నవ్వారు మంచానికి పరుపు కింద గుడ్డవుతాయి, చివరికి మసిగుడ్డవుతాయి. గులాబి, పసుపు రంగుల కరపత్రాలు మిరపకాయ బజ్జీల పొట్లాలవుతాయి. మందపాటి పోస్టరు పిల్లల లెక్కల పుస్తకానికి అట్ట అవుతుంది. గోడమీద రాతలు తరవాతి సున్నం కిందికి పోతాయి. మిగిలేవి రేకు బ్యాడ్జీలు, గోడలమీద గుర్తు వేయడానికి కత్తిరించిన రేకు స్టెన్సిళ్ళు, సినిమాహాళ్ళలో ఇంటర్వెల్లులో వేసిన గాజు స్లైడులు, అచ్చాఫీసుల మూలల్లో పడివున్న బ్లాకులు. అంటే రేకు, గాజు, చెక్క. కాగితం దొరికితే అదృష్టం.

హైదరాబాదులో వున్న రోజుల్లో గురువారం గురువారం జుమ్మేరాత్ బజారుకి వెళ్ళేవాణ్ణి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాతుల మీద పుస్తకాల మధ్య. చార్మినారు వెనక మహబూబ్ చౌక్‌లో కొన్ని పాతసామాన్ల కొట్లుండేవి, ఇత్తడి దీపాలు, గ్రామఫోను గరాటాలు, ఆగిపోయిన గడియారాలు. అక్కడొక కొట్టాయనతో నాకు ఇరవై ఏళ్ళ స్నేహం. నేను మెట్లెక్కగానే "ఆయియే ఇలెక్షన్ సాబ్" అనేవాడు. ఆయన కొట్లోనే మొదటిసారి 1952 నాటి బ్యాలెట్ పెట్టె చూశాను. బియ్యం డబ్బా అనుకుని ఎవరో అమ్మేశారట. ఆ పెట్టెల్ని లక్షల కొద్దీ చేయించారు, బొంబాయిలో గోద్రెజ్‌వాళ్ళూ, మన హైదరాబాదులో అల్విన్‌వాళ్ళూ చేశారు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టెమీద ఆ అభ్యర్థి గుర్తు అంటించి వుంటుంది. ఓటరు కాగితం మీద ఏ ముద్రా వేయనక్కర్లేదు, తనకి కావలసిన గుర్తున్న పెట్టెలో వేసి రావడమే. చదువురానివాళ్ళే ఎక్కువ గనక సుకుమార్ సేన్‌గారి హయాంలో ఈ ఏర్పాటు చేశారు. ఆ ఎన్నికల్లోనే నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డిగారు నెహ్రూగారికన్నా ఎక్కువ ఓట్లతో నెగ్గారు. ఆ ఓట్లు కూడా ఇలాంటి పెట్టెల్లోంచే బయటికొచ్చాయి గదా అని మూత ఎత్తి లోపలికి చూశాను. చిలక్కొయ్య పురుగులు. కొనలేదు. ఆయన చెప్పిన ధరకి అప్పుడు నా రెండు నెలల జీతం చాలదు. ఇప్పటికీ అప్పుడప్పుడు కలలోకి వస్తుంది ఆ పెట్టె.

ఈ పెట్టెల సంగతి తెలిసుంటే కాగితాల వయసు కనిపెట్టడం తేలిక. "ఫలానా గుర్తు గల పెట్టెలో మీ ఓటు వేయండి" అని వుంటే అది 1952దో, 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికలదో, 1957దో అయివుండాలి. "గుర్తుపై ముద్ర వేయండి" అనివుంటే 1962 తర్వాతదే. ఒకసారి విజయవాడలో ఒకాయన 1955 ఎన్నికల పోస్టరు అని చెప్పి, నాలుగు మడతల కాగితం పట్టుమీద పెట్టినంత భక్తిగా తెరిచాడు. చూడగానే గుండె ఝల్లుమంది. మనవైపు 1955 అంటే మాటలా! కమ్యూనిస్టులే ప్రభుత్వం చేస్తారని ఒక పక్కా, చెయ్యనివ్వమని ఒక పక్కా గోడలు పట్టనంత ప్రచారం చేసి, చివరికి 196 స్థానాల్లో కమ్యూనిస్టులకి 15 మిగిలిన ఎన్నికలవి. కాగితం మంచి పాతదిలాగే గోధుమరంగుగా వుంది. కిందికి చదువుకుంటూ వస్తే ప్రెస్సు అడ్రసు చివర ఆరంకెల పిన్‌కోడు! మనదేశంలో పిన్‌కోడ్లు వచ్చింది 1972 ఆగస్టులో. కాగితాన్ని టీనీళ్ళలో ముంచి ఎండబెట్టారన్నమాట. వాసన చూస్తే ఏలకుల వాసన కూడా వచ్చినట్టనిపించింది గాని అది నా వూహ కావచ్చు. ఆయన్ని ఏమీ అనలేదు. "బాగుంది, ఇంకోసారి వస్తాను" అని లేచాను. "మీబోటి తెలిసినవాళ్ళకి ఇవి చూపకూడదండీ" అన్నాడాయన, ఏమాత్రం సిగ్గుపడకుండా.

పోగుచేసేవాడికి చట్టం చేసిన మేలు ఒకటుంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఏ అని ఒక సెక్షను 1961లో చేర్చారు. ఎన్నికల కరపత్రం మీదా పోస్టరు మీదా ముద్రాపకుడి పేరు, అడ్రసు, ప్రచురించినవారి పేరు, అడ్రసు వుండితీరాలి. ప్రచురించేవారు నేనే ఫలానా అని సంతకం చేసి, ఇద్దరు సాక్షులతో ప్రెస్సుకి రాసివ్వాలి. ఆ పత్రమూ, అచ్చయిన కాగితమూ ప్రెస్సువాళ్ళు పైకి పంపాలి. ఇది చదివిన రోజున నాకు నిద్రపట్టలేదు. అంటే మా నాన్న కరపత్రం కాపీ ఒకటి ప్రభుత్వం దగ్గరుండాలి! సెలవు పెట్టి వెళ్ళాను. ఆఫీసు పేరు ఎందుకులెండి, అక్కడి గుమాస్తా మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇప్పించి, అలాంటి కాగితాలు ఏనాడో తీసి తగలేశారని చెప్పాడు. ఆ ప్రెస్సు కూడా లేదు. ఆ స్థలంలో మందుల షాపు వెలిసింది.

ఈలోగా 1983 వచ్చింది. 1982 మార్చిలో తెలుగుదేశం పార్టీ పుట్టడం, ఎన్.టి. రామారావుగారు పాత షెవర్లే వ్యానుని చైతన్యరథం చేసుకుని వూరూరా తిరగడం, 1983 జనవరిలో పార్టీ నెగ్గడం - ఇవన్నీ చెప్పనక్కర్లేదు. గుర్తేమో సైకిలు. ఒక్కసారిగా రాష్ట్రమంతా సైకిళ్ళే. గోడమీద సైకిలు, టోపీమీద సైకిలు, బ్యాడ్జీమీద సైకిలు, అరటిపళ్ళ బండికి పసుపు జెండాలో సైకిలు. సంక్రాంతికి ఇంటికెళ్తే మా పాలేరు పిల్లాడి చొక్కాకి కూడా వుంది. సాయంత్రం నాన్నా నేనూ కాలువగట్టుమీద నడుస్తుంటే, గేదెల కొట్టం గోడ నిండా నీలంరంగులో పెద్ద సైకిలు. నాన్న ఆగాడు. చేతికర్ర ఎత్తి బొమ్మ నడిమికి చూపించాడు. "దీనికి కడ్డీ వుందిలే" అన్నాడు. అని నడిచాడు. పదహారేళ్ళలో ఆ ఎన్నికల గురించి ఆయన నోట విన్నది ఆ ఒక్క మాటే. ఆ తర్వాత కూడా వినలేదు. 1994లో పోయాడు.

అప్పట్నుంచీ నా వేట మరీ కష్టమైపోయింది. ఏ కొట్టుకెళ్ళి సైకిలు గుర్తు అన్నా "ఓ, ఎన్నయినా వున్నాయి సార్" అని సంచి దులిపేవారు. అన్నీ 1983వి, 85వి. అన్నిటికీ కడ్డీలున్నాయి. నేను "ఇవి కాదయ్యా, కడ్డీ లేనిది" అంటే, "అచ్చుతప్పుదా సార్? స్టాంపుల్లో వుంటాయే, అట్టాంటిదా? దానికి ధర ఎక్కువుంటది" అనేవారు. దొరక్కుండానే ధర పెరిగింది. హస్తం గుర్తు సరుక్కి మాత్రం ఎప్పుడూ లోటు లేదు. ఆ హస్తం గుర్తు గురించి ఒక కథ చెప్పుకుంటారు. 1978లో ఇందిరాగాంధీగారి పార్టీకి ఆవూదూడా పోయి కొత్త గుర్తు వెతుక్కోవలసివచ్చినప్పుడు ఆవిడ విజయవాడలో వున్నారనీ, ఢిల్లీనుంచి ఫోను చేసినాయన "హాథ్" అంటే ఇటువైపు "హాథీ" అని వినపడిందనీ, పక్కనున్న పి.వి. నరసింహారావుగారు సర్దిచెప్పారనీ. నిజమెంతోగాని ట్రంకుకాల్ రోజులు తెలిసినవాళ్ళెవరూ దీన్ని కొట్టిపారేయరు.

దారి చూపింది మాత్రం ఒక సరస్వతీదేవి. 2009లో తెనాలిలో ఒక పాతసామాన్ల కొట్లో రవివర్మ ప్రెస్సు పటం చూసి, అద్దం పగిలివుంది గదా అని చవగ్గా కొన్నాను. ఇంటికొచ్చి వెనక చెక్క వూడదీస్తే, పటానికీ చెక్కకీ మధ్య చెద పట్టకుండా నాలుగైదు పొరల కాగితం. విప్పిచూస్తే ఒకటి శుభలేఖ, సిరా అలుక్కుపోయింది. ఒకటి సినిమా వాల్‌పోస్టరు ముక్క. ఒకటి ఎరువుల కొట్టు రసీదు పుస్తకం పేజీలు, వంకరగా అచ్చయినవి. అన్నిటికిందా ఒకటే ప్రెస్సు పేరు. మా నాన్న కరపత్రాలు వేసిన ప్రెస్సు! అప్పుడు తట్టింది. ప్రెస్సు పక్కకొట్టు పటాలు కట్టేవాడిది. నాన్న ప్రూఫులు చూసుకుంటుంటే నేను అక్కడ నిలబడి అద్దం కోసే వజ్రాన్ని చూస్తూండేవాణ్ణి. ప్రెస్సులో పాడైన కాగితాలన్నీ పక్కవాడికి పోయాయి. అతను కట్టిన పటాలు ఆ తాలూకా అంతటా గోడలకి వేలాడాయి. ఇళ్ళు పడగొట్టి డాబాలు కట్టుకుంటున్న కొద్దీ ఆ పటాలు పాతసామాన్ల కొట్లకి చేరుతున్నాయి.

ఇక చూడండి. రెండేళ్ళపాటు తెనాలి, రేపల్లె, పొన్నూరు చుట్టుపక్కల ఏ కొట్లో పటం కనపడినా మొహం చూడకుండా వీపు చూడటం మొదలుపెట్టాను. నేను దేవుళ్ళని వెనక్కి తిప్పిచూస్తుంటే కొట్టువాళ్ళకి అనుమానం వచ్చేది. వెనక చెక్కకి కొట్టిన మేకుల వరసనిబట్టి అతని చేతిపని గుర్తుపట్టగలిగేంతవాణ్ణయ్యాను. విప్పనిచ్చేవాళ్ళు విప్పనిచ్చేవారు, లేకపోతే కొనాల్సిందే. ఇల్లు పటాలతో నిండిపోయింది. "పక్కింటావిడ మనింట్లో ఏదో పీఠం పెట్టామనుకుంటోంది" అంది నా భార్య. పద్దెనిమిది పటాలు విప్పాను. ఒక మధ్యంతర పంచాయతీ ఎన్నికల నమూనా బ్యాలెట్టు, రెండు నాటకాల కరపత్రాలు, బోలెడన్ని శుభలేఖలు దొరికాయి. ఆ పెళ్ళిళ్ళ జంటలు ఏమయ్యారో, అచ్చు చెడ్డందుకేమీ అయివుండదు.

పంతొమ్మిదోది 2011 శ్రావణమాసంలో. ఎవరిదో పెళ్ళి ఫోటో, తెల్లవారుజాము ముహూర్తం కాబోలు పెళ్ళికొడుకు కళ్ళు మూసుకుపోతున్నాయి. ఆ కుటుంబానికి అక్కర్లేకపోయింది, నేను కొన్నాను. మూడో పొరలో గులాబిరంగు కాగితం. విప్పకముందే తెలిసింది. చెయ్యి వణికితే చిరుగుతుందని కాసేపు ఆగి, మంచినీళ్ళు తాగి, అప్పుడు తీశాను. కడ్డీ లేని సైకిలు. ముందు చక్రానికి సిరా ఎక్కువై నల్లగా అలికినట్టుంది, అందుకే పక్కన పడేసివుంటారు. పటం కొలతకి సరిపోయేలా కుడివైపు మూడోవంతు కోసేశారు. అంచేత ప్రతి వాక్యం మధ్యలో తెగిపోయింది. "మురుగు కాలువ పూడిక తీ". "కట్టకి అవతల వూళ్ళకి వంతె". "కౌలుదారు రసీదు లేకుం". "ఆడపిల్లలు ఏడో క్లాసు తరవా". నాలుగు వాక్యాలు, నాలుగూ సగాలు. అన్నిటికిందా చిన్న అక్షరాల్లో ముద్రణ ఫలానా ప్రెస్సు. దాని పైన ప్రచురణ. ప్రచురించినవారి పేరు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను.

మా అమ్మ పేరు.

ప్రచురణకర్తగా సంతకం పెట్టి, ఇద్దరు సాక్షులతో రాసిచ్చింది ఆవిడేనన్నమాట. నలభై నాలుగేళ్ళుగా "ఆ పాడు ఎలచ్చన్లు" అంటున్న మనిషి.

అప్పటికి అమ్మకి డెబ్భై అయిదు దాటాయి. చూపు బాగానే వుంది. వూళ్ళోనే వుంటోంది, మాతో వుండమంటే వుండదు. మర్నాడే బస్సెక్కాను. వసారాలో చింతపండు పిక్కలు తీస్తోంది. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి చేతికిచ్చాను. చేతులు చీరకి తుడుచుకుని అందుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. కాగితం పేలవంగా వుందని కాబోలు వెలుగులోకి జరిగి కూర్చుంది.

"ఇది యాడ దొరికిందిరా? అన్నీ నీళ్ళకాగు కింద పెట్టాగా" అంది.

"నువ్వా? నాన్న కాల్చాడనుకున్నాను."

"ఆయనకి మనసొప్పితేనా? కట్ట తెచ్చి గాదె కింద దాచాడు. నేనే పెట్టా. ఆ సైకిలు బొమ్మ కళ్ళబడితే నాకు అన్నం సయించేది కాదు."

ఎందుకో చెప్పమని నేను అడగలేదు. తనే చెప్పింది. ప్రెస్సుకి నాన్నతోపాటు తనూ వెళ్ళిందట, సంతకం పెట్టాలి గదా. అభ్యర్థి పేరు పైనా కిందా రెండుసార్లు ఎందుకని ప్రెస్సాయనే ఆవిడ పేరు పెట్టమన్నాడట. దగ్గర వున్నది ఆడవాళ్ళ సైకిలు బ్లాకండీ, మొగవాళ్ళది కావాలంటే బెజవాడనుంచి చేయించి తేవాలి, ఎనిమిది రూపాయలవుతుంది, రెండు రోజులు పడుతుంది అన్నాడట. నాన్న చేయించమన్నాడు. ఈవిడ వద్దంది. "సైకిలంటే సైకిలే గదా, చక్రాలు రెండు వున్నాయి గదా అన్నాను. అప్పటికే గాజులు పెట్టేసినాం, ఎనిమిది రూపాయలు చూసుకున్నా. ఆ తరవాత మైకుల్లో ఏమన్నారో నీకు తెలుసుగా. నన్ను ఒక్క మాటంటే ఒక్క మాట అన్లేదు ఆయన. అంటే బాగుండేది."

కడ్డీ లేనందుకు రెండువేల ఓట్లు పదిహేను వేలయ్యేవి కాకుండా పోలేదని, ఆ నియోజకవర్గం లెక్కలన్నీ నా దగ్గరున్నాయని, ఎన్నికల సంఘం నివేదికలో చూసుకోవచ్చని గబగబా చెప్పాను. అమ్మ వినలేదు. లేదా విని వూరుకుంది. వేలు పెట్టి వాక్యాలు చదువుతోంది. తెగిపోయినచోట ఆగకుండా చదువుతోంది. "మురుగు కాలువ పూడిక తీయించి పల్లపు పొలాలు ముంపు బారిన పడకుండా చేస్తాను." "కట్టకి అవతల వూళ్ళకి వంతెన కట్టిస్తాను." "కౌలుదారు రసీదు లేకుండా శిస్తు కట్టే పద్ధతి మాన్పిస్తాను." నేను జేబులోంచి కలం తీసి రాసుకుంటున్నాను. నాలుగోదాని దగ్గర ఆగింది. "ఆడపిల్లలు ఏడో క్లాసు తరవాత..." వేలు అక్కడే వుంది. చూరు వంక చూసింది. మళ్ళీ కాగితం వంక చూసింది.

"ఇది నేను రాయించిందేరా. ఆయనవి మూడే. నేను చెప్తే ఆయన రాశాడు" అంది. "ఏం చెప్పానో చూడు, గుర్తు రావటంలా."

ఆ వాక్యం ఇప్పటికీ అలాగే వుంది. కుడివైపు ముక్క ఇంకో పటం వెనక ఎక్కడన్నా వుండవచ్చుగనక, పటాలు తిప్పిచూడటం నేను మానలేదు.

అన్నం తిని బస్సుకి బయల్దేరుతుంటే గుమ్మందాకా వచ్చి, "అసలా కాయితం ఎంత పెట్టి కొన్నావురా?" అంది. ఆరువందల యాభై. అమ్మకి ఎప్పుడూ చెప్పినట్టే సగానికి తక్కువే చెప్పాను, "రెండొందలు" అని.

"రెండొందలా! వెయ్యి కాయితాలు పద్దెనిమిది రూపాయలకి వేయించా నేను. బేరమాడలేదా?" అంది.